చిచ్చా తప్పుల పుస్తకం

పోయిన వారం కరీంనగర్ నుంచి ఫోన్ వచ్చింది. మా కాలేజీ ఫిజిక్స్ ల్యాబ్‌లో అటెండర్‌గా చేసి రిటైరైన, మేమంతా బాబాయ్ వరసన చిచ్చా అని పిలిచిన మనిషి ఇక లేడు. సంతాప సభలో ఆయన్ని "వినయశీలి, చెప్పిన పని చేసేవాడు" అన్నారట. శుద్ధ అబద్ధం. చిచ్చా చెప్పిన పని మాత్రమే చేసి ఊరుకునే మనిషైతే నేనీ రోజు ఈ ఉద్యోగంలో ఉండేదాన్ని కాను. ఆ సంగతి మీకు చెప్పాలనే ఇది రాస్తున్నాను.

ఆయనది భైంసా. తెలుగు, ఉర్దూ, కాస్త మరాఠీ కలిపి మాట్లాడేవాడు. బడి చదువు ఏడో తరగతితో ఆగిపోయింది.

ప్రాక్టికల్స్‌లో మాకో ఆనవాయితీ ఉండేది. పుస్తకంలో జవాబెంతో ముందే చూసుకొని, దానికి సరిపోయేలా వెనక నుంచి రీడింగులు అల్లుకురావడం. లెక్చరర్లకూ తెలుసు. ఒక రోజు నేనూ అలాగే ఒక అంకెను చెరుపుతుంటే చిచ్చా వచ్చి రబ్బరు లాక్కున్నాడు.

"అది తప్పు రీడింగ్ చిచ్చా."

"తప్పేంది బిడ్డా? మిషన్ గట్లనే జెప్పింది. ఎందుకు జెప్పిందో రాయి."

తర్వాత తన నోటుపుస్తకం చూపించాడు. స్టోరులో పడేసిన రెండు గైగర్ గొట్టాలు బాగుచేసి, ఒకదాని మీద ఒకటి బిగించాడాయన. ఆకాశం నుంచి కంటికి కనబడని కణం దూసుకొస్తే రెండూ ఒకేసారి టక్కుమంటాయి. కానీ హాస్టల్ నీళ్ల మోటర్ వేసినా టక్కుమంటాయి, ఫ్యాన్ స్విచ్ నొక్కినా అంతే. ఆ దొంగ టక్కులన్నీ ఏళ్ల తరబడి రాసిపెట్టాడు చిచ్చా. ప్రతి టక్కుకూ ఆసిలోస్కోపు తెర మీద ఒక గీత మెరిసి మాయమవగానే ఒక్క క్షణం కళ్లు మూసుకొని, గుర్తున్న మేరకు పెన్సిల్‌తో గీసేవాడు. కింద కారణం: మోటర్. ఫ్యాన్. పిడుగు. ఏదీ తేలకపోతే "తెల్వదు" అని రాసేవాడు. ఆ మాట రాయడానికి సిగ్గుపడని మనిషిని ఆ కాలేజీలో నేను ఇంకొకరిని చూడలేదు.

రెండేళ్లు ఆయన పక్కన కూర్చొని నేనూ గీశాను.

తొంభైల మొదట్లో పేపర్లో ఒక ప్రకటన పడింది. కణాలను పట్టే యంత్రాలకు మెదడు నరాల్లా పనిచేసే సర్క్యూట్లు కావాలట. ఏది కణమో, ఏది ఉత్త చప్పుడో అవే నేర్చుకొని విడదీయాలట. ఆ పరిశోధనకు మనుషులు కావాలి. కణాలు లెక్కించిన అనుభవం ఉండాలి, కాలేజీ ముద్రతో రుజువు పంపాలి. చదవగానే ఈ ఉద్యోగం నాదే అనిపించింది. ఇద్దరం పుస్తకం పట్టుకొని ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్లాం. ఆయన అట్ట కూడా తెరవలేదు.

"అటెండర్ రాసినదాని మీద ముద్రేస్తే నలుగురు నవ్వరా? నీకెందుకమ్మా గియన్ని? బీఎడ్ చెయ్యి."

నాకు ఏడుపొచ్చింది. చిచ్చాకు కోపమొచ్చింది. వరండాలోకి రాగానే, "ముద్ర లేకుంటే లెక్కలు మారుతయా? ఫికర్ చెయ్యకు. గైడ్ ఎవరంటే నా పేరు జెప్పు" అన్నాడు.

నాలుగు పేజీల గీతలు కాపీ చేసి, ముద్ర లేకుండానే పంపాను. ఇంటర్వ్యూకు పిలుపొచ్చింది. చిచ్చా పుస్తకం పట్టుకొని వెళ్లాను.

"మీ గైడ్ హోదా?" అని అడిగారు. "ల్యాబ్ అటెండర్" అన్నాను. ఒకాయన నవ్వాడు. నేను నవ్వలేదు. పుస్తకం ఆయన ముందుకు తోశాను. పక్కనున్న పెద్దావిడ దాన్ని అందుకొని, ఒక గీత కింది రాతను చేత్తో మూసి, "ఇదేమిటి?" అంది.

"మోటర్."

"ఇది?"

"ఫ్యాన్."

"మరి ఇది?"

"తెలియదు."

ఆమె చెయ్యి తీసింది. కింద చిచ్చా కూడా అదే రాశాడు. "మంచి రీడింగులు మా దగ్గర బోలెడున్నాయి. మా సర్క్యూట్లకు నేర్పడానికి ఇలాంటి తప్పు రీడింగులే దొరకడం లేదు" అందామె.

ఉద్యోగం ఆర్డర్ వచ్చాక ప్రిన్సిపాల్ కబురంపాడు, కాలేజీ పత్రికలో నా ఫోటో వేస్తారట. చిచ్చాను వెంటబెట్టుకొని వెళ్లాను. "కాలేజీకి పేరు దెచ్చినవమ్మా, కూసో" అన్నాడు ప్రిన్సిపాల్. నేను కూర్చోలేదు. కుర్చీని చిచ్చా వైపు జరిపాను.

ఇరవై ఏళ్లకు పైగా ఆ గదికి ఎప్పుడొచ్చినా నిలబడే ఉన్న మనిషి. భుజం మీది దస్తీ తీసి కుర్చీ దులిపాడు, తాపీగా కూర్చున్నాడు. టేబుల్ మీది గంట తనే కొట్టి, లోపలికొచ్చిన ప్యూనుతో అన్నాడు:

"మూడు చాయ్ తీస్కరా భాయ్. సార్‌కు గూడ."