నీవైపు, నావైపు

మా బావ మనుషుల్ని నమ్మడు. కార్లను కొంత నమ్ముతాడు, అదీ బానెట్ ఎత్తి చూశాక. షెడ్డులో అందరూ ఆయన్ని డిటెక్టివ్ అంటారు, ఆయన కారు కింద పడుకుని ఉన్నప్పుడు మాత్రమే. ఎవరైనా నవ్వితే ఎందుకు నవ్వారని అడుగుతాడు. నవ్వకపోతే ఏం దాస్తున్నారని అడుగుతాడు. మా అక్క ఈ మనిషితో ఇన్నేళ్ళుగా ఎలా కాపురం చేస్తోందో నాకు అంతుపట్టదు. అడిగితే, "నాకు దాచుకోడానికేం లేదు కదే, హాయిగానే ఉంది" అంటుంది.

బావ వారమంతా బేకరీ వ్యాను నడుపుతాడు. సెలవు దొరికితే ర్యాలీ కారు నడుపుతాడు. జనం రాకుండా మూసేసిన మట్టిరోడ్ల మీద కార్లను ఒక్కొక్కటిగా వదులుతారు, తక్కువ సమయంలో చివరికి చేరినవాళ్ళది గెలుపు. డ్రైవరు పక్కసీట్లో ఒకరు కూర్చుని, ముందు రాబోయే మలుపుల్ని కాగితం చూసి చదివి చెబుతూ ఉండాలి. ఆ పక్కసీటు నాది.

ఈ అనుమానం ఆయన పుట్టుకతో తెచ్చుకున్నది కాదు. అక్షరాలు అంటించిపెట్టాయి. చిన్నప్పుడు బళ్ళో పుస్తకం తెరిస్తే అక్షరాలు ఒకచోట నిలిచేవి కావట. ఒకసారి చదివిన మాట రెండోసారి చూసేసరికి వేరేగా ఉండేది. పంతులమ్మ దొంగవేషాలంది. తోటిపిల్లలకి అది సరదా అయింది. గోడమీది నోటీసు చదివిపెట్టమంటే "రేపు సెలవు" అని చదివారు. ఈయన ఇంట్లో కూర్చున్నాడు, ఆ మర్నాడు బళ్ళో వీపు విమానం మోత మోగింది. అప్పటినుంచి ఎవరు ఏది చదివినా చెవులు మాట మీద, కళ్ళు చదివేవాళ్ళ మొహం మీద ఉంచుతాడు. మందుల చీటీ అయినా, బేకరీవాళ్ళు ఇచ్చిన చిరునామాలైనా ఇద్దరిచేత వేరువేరుగా చదివించుకుంటాడు. ఇద్దరి మాటా ఒకటైతే, ముందే కూడబలుక్కున్నారేమోనని మూడో మనిషి కోసం వెతుకుతాడు.

దీనికి డిస్లెక్సియా అని ఒక పేరుందని మాకు వాళ్ళమ్మాయి వల్ల తెలిసింది. బళ్ళో టీచరు పిలిచి, పిల్లకి తెలివికేం లోటు లేదు, అక్షరాల దగ్గరే తడబాటు, వేరే పద్ధతిలో నేర్పిస్తాం అని నెమ్మదిగా చెప్పింది. బావ కుర్చీ అంచున కూర్చుని విన్నాడు. ఆవిడ చెప్పిన లక్షణాలన్నీ అచ్చంగా ఆయనవే. బయటికొచ్చి మెట్ల మీద ఆగి, "నా సంగతి ఆవిడకెవరు చెప్పారు?" అని మా అక్కని నిలదీశాడు.

నేను బస్టాండులో మైకు ముందు కూర్చుని ఏ బస్సు ఎక్కడ ఆగుతుందో చెబుతాను. నాకంటే ముందు ఆ పక్కసీట్లో కూర్చున్నవాళ్ళు తలా ఒక ర్యాలీకే దండం పెట్టి వెళ్ళిపోయారు. "ఆ మలుపు పేరు అంత గట్టిగా ఎందుకు చెప్పావు?" అని అడిగే డ్రైవరు పక్కన ఎవరుంటారు? మా అక్కే నన్ను తోసింది. "ఊరంతా నీ గొంతు నమ్మి బస్సులెక్కుతోంది, ఈయనొక్కడూ నమ్మడా?" అంది.

కుడీ ఎడమా ఆయనకి పనికిరావని మొదటిరోజే తెలిసింది. "ఆ రెండు మాటలూ నా చెవిలో పడేసరికి ఒకదాని చొక్కా ఒకటి తొడుక్కుంటాయి" అన్నాడు. అందుకని ఇద్దరం కూర్చుని మాకంటూ ఒక భాష కట్టుకున్నాం. రోడ్డు డ్రైవరు కూర్చున్న పక్కకి తిరిగితే 'నీవైపు', నేను కూర్చున్న పక్కకి తిరిగితే 'నావైపు'. దానికి తోడు ఒక అంకె. ఒకటంటే పాము మెలిక, ఆరంటే పేరుకే మలుపు. ఇంట్లో ఆయన్ని మీరు అంటాను, కారులో నువ్వు అంటాను. ఆ వేగంలో మర్యాదకి చోటెక్కడిది?

ఈ భాష కుదిరాక బావ నన్ను ఎదురుప్రశ్న వెయ్యడం మానేశాడు. కారు దూసుకుపోతుంటే నా మాట సరిచూడటానికి ఇంకో మనిషి ఎక్కడ దొరుకుతాడు? ఆయన జీవితం మొత్తంలో ఒక్క గొంతు విని కదిలే చోటు అదొక్కటే. మా అక్క మాటకి కూడా అంత విలువ లేదు. అది నాకు గర్వంగా ఉండేది, కాదనను.

ఆ గర్వం మీద నీళ్ళు చల్లినవాడు పచ్చకారు డ్రైవరు. వాడిది పెద్ద జట్టు, కొత్త కార్లు. ఈ మధ్య జరిగిన ర్యాలీకి ముందురోజు క్యాంటీన్లో నా ఎదురుగా వచ్చి కూర్చున్నాడు. తన పక్కసీటు ఖాళీ అవుతోంది, వస్తావా అన్నాడు. బావ తలుపు దగ్గర నిలబడి చూశాడు, లోపలికి రాలేదు. సాయంత్రం షెడ్డులో స్పానరు తుడుస్తూ, "క్యాంటీన్లో టీ బాగుందా?" అన్నాడు.

"బాగానే ఉంది."

"అంతసేపు తాగావంటే బాగుండే ఉంటుందిలే."

నాకు ఒళ్ళు మండింది. ఇంకేం చెప్పబుద్ధి కాలేదు.

అప్పటికే మేం మామూలు కారులో రోడ్డంతా తిరిగి మలుపులు రాసుకుని వచ్చాం. తీరా సాయంత్రం మా ర్యాలీ కారు ఇంజను చేతులెత్తేసింది. ఇక మూటాముల్లె సర్దుకోవడమే అనుకుంటుంటే టైర్ల షాపాయన తన కారు ఇస్తానన్నాడు. విదేశంలో కొన్నదట, స్టీరింగు అవతలి పక్కన ఉంది. "గడువు లోపల చివరిదాకా తీసుకెళ్ళారంటే వచ్చే ఏడంతా మీరే నడపండి. లేదంటే ఇంకొకర్ని చూసుకుంటాను" అన్నాడు. బావ కారు చుట్టూ తిరిగాడు, టైర్లు తన్నాడు, కిందకి దూరాడు. బయటికొచ్చి, "మనకెందుకిస్తున్నాడు?" అని గుసగుసగా అడిగాడు. మంచివాడు కాబట్టి అన్నాను. అది ఆయనకి బొత్తిగా నచ్చని కారణం. మైదానంలో నాలుగు చుట్లు కొట్టి, గేరు మార్చే చెయ్యి మారిందని చాలాసేపు గొణిగాడు. ఇద్దరం ఆ గేరు గురించే మాట్లాడుకున్నాం.

మర్నాడు మమ్మల్ని వదిలారు. మొదట రోడ్డు తిన్నగా ఉంది. చివర ఒక దిబ్బ, అవతలేముందో కనబడదు.

"దిబ్బ దాటగానే నావైపు మూడు" అన్నాను.

బావ యాక్సిలరేటరు మీంచి కాలు తియ్యకుండా దిబ్బ ఎక్కించి, చక్రాలు నేలకి తగలగానే స్టీరింగు నావైపు తిప్పేశాడు. రోడ్డు మాత్రం ఆయనవైపు పోయింది. మేం పొద్దుతిరుగుడు చేలో పడ్డాం.

ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఇంజను నడుస్తూనే ఉంది. బావ హెల్మెట్టు తిప్పి నన్ను చూశాడు. ఆ చూపు మిగతావాళ్ళ మీద పడటం చాలాసార్లు చూశాను. నా మీద పడటం అదే మొదలు.

"టీ తాగేటప్పుడే అనుకున్నారా?" అన్నాడు.

"అవును బావా, వాడు రమ్మన్నాడు! ఆలోచించుకుని చెబుతానన్నాను! నీ అనుమానాలతో వేగలేక అన్నాను. అంతేగానీ, నిన్ను చేలో పడెయ్యాలనుకుంటే నీ పక్కన కూర్చుని పడేస్తానా? నా ఎముకలు నాకు బరువా?"

"అదే నాకూ అర్థం కావట్లేదు" అని కారు వెనక్కి తీశాడు.

రోడ్డెక్కాక నా మాట వినడం మానేశాడు. కంటికి కనబడినంత మేర చూసుకుంటూ, వెనక కేకులున్నట్టు నడిపాడు. ఇలా పోతే గడువులోపల చేరే ప్రసక్తే లేదు. నేను మొండికేసి చదువుతూనే ఉన్నాను. "నీవైపు రెండు" అన్నాను, రోడ్డు నావైపు తిరిగింది. "నావైపు ఐదు" అన్నాను, ఆయనవైపు తిరిగింది. ఇప్పుడు నాకే అనుమానం పట్టుకుంది. ఎవరైనా కాగితాలు మార్చేశారా? పచ్చకారు మెకానిక్కు నిన్న సాయంత్రం మా షెడ్డు దగ్గర తచ్చాడుతూ కనిపించాడు. వాడి పనా? కానీ రాత నాదే.

అప్పుడు రోడ్డు వెంట కాలువ మొదలైంది. మలుపులు రాసుకోడానికి వచ్చిన రోజు ఆ కాలువ పొడుగునా నా కిటికీలో ఉంది. ఇవాళ అది బావ కిటికీలో ఉంది.

"బావా, మనం సీట్లు మారాం!" అని అరిచాను. "స్టీరింగు అటు పోయింది కదా, నేను ఇటొచ్చాను. నీవైపని రాసినవన్నీ ఇప్పుడు నావైపు. మొత్తం తిరగబడింది!"

ఆయన ముందు ఎదురొచ్చిన మలుపు తిప్పాడు. "ఇది ఇప్పుడే తట్టిందా, ఎవరైనా చెప్పమన్నారా?" అన్నాడు.

"తలుపు తీసుకుని దూకేస్తాను బావా!"

"సరే. చదువు."

చదవడమంటే ఇప్పుడు కంటికి కనబడిన మాట మింగేసి రెండోది చెప్పడం. మొదట బాగానే సాగింది, ఆయన కూడా కాస్త వేగం పెంచాడు. తర్వాత 'నీ' చూసి 'నా' అనబోయి 'నీ' అన్నాను, వెంటనే దిద్దుకున్నాను. దిద్దుకున్నదే తప్పేమోనని మళ్ళీ కాగితం చూశాను. ఈలోగా కారు ఆ మలుపు దాటేసింది. రోజూ మైకులో గడగడా చెప్పే నోరు తడబడిపోయింది. నా చేతిరాతే నాకు పరాయిదైంది. చిన్నప్పుడు బళ్ళో ఆయనకి రోజంతా ఇలాగే ఉండేదా అనిపించింది.

మళ్ళీ ఇంకో దిబ్బ వచ్చింది.

"దిబ్బ దాటగానే..." అని ఆగిపోయాను.

"ఎటు?"

"నీ... నా..."

"ఎటు?"

"తెలీదు బావా! నాకు తెలీదు!"

బావ బ్రేకు మీద నిలబడ్డాడు. కారు దిబ్బ మీదికి మెల్లగా పాకింది. రోడ్డు ఆయనవైపు కిందకి దిగుతోంది. నావైపు లోయ ఉంది.

ర్యాలీలో మొదటి భాగం అక్కడికి కాస్త దూరంలో ముగిసింది. తర్వాతి భాగం మొదలయ్యే చోటిదాకా మామూలు రోడ్డు మీద నిదానంగా వెళ్ళాలి. నేను పెన్ను తీసి 'నీ'లన్నీ కొట్టేసి 'నా'లు రాయబోయాను. కారు కుదుపులకి గీతలు అడ్డదిడ్డంగా పడుతున్నాయి. నాకు ఏడుపొచ్చింది. బావ రోడ్డు మీంచి చూపు తిప్పకుండా మాట్లాడాడు.

"నాకు చదివిపెట్టినవాళ్ళు చాలామంది మరదలా. అందరూ టకటకా చదివేవాళ్ళే. తెలీదు అన్న మనిషి ఇన్నేళ్ళలో ఒక్కరూ తగల్లేదు."

నేను ముక్కు తుడుచుకున్నాను.

"పెన్ను లోపల పెట్టు" అన్నాడు. "ఈ కుదుపుల్లో దిద్దితే ఉన్నది కూడా పోతుంది. అలాగే చదువు. నువ్వు ఆగితే నేను కాలు తీస్తాను."

గడువు దాటకుండా, చివరివాళ్ళతో కలిసి చేరాం. దారిలో నేను చాలాచోట్ల ఆగిపోయాను. ఆగిన ప్రతిచోటా బావ కాలు తీశాడు. ఎందుకాగావని ఒక్కసారి కూడా అడగలేదు.