భీమిలి అరుగు మీది సీటు

మా ఆయనకి నడుంనొప్పి వస్తే మేం కారుకి వైద్యం చేయించాం. ఈ మాట చెబితే అందరూ నవ్వుతారు. నవ్వండి, నాకు మాత్రం ఇప్పటికీ నవ్వు రాదు.

అది రెండు తలుపుల పాత అమెరికా కారు. ఓడరేవు పని మీద వచ్చిన ఓ దొర వదిలేసి వెళ్ళిపోతే, చేతులు మారి మారి సీతమ్మధారలో మా ఇంటి ముందుకి చేరింది. స్టార్ట్ చేస్తే వీధంతా అదిరేది. ఎనభైల మొదట్లో ఊళ్ళో పెళ్ళికొడుకులందరికీ అందులోనే ఊరేగాలని మోజు. బ్యాండు మేళం వెనక నత్తనడకన గంటల తరబడి నడపాలి. మా పొయ్యి వెలిగేది దాని మీదే.

ఉప్పుగాలి దేన్ని వదులుతుంది? డ్రైవరు సీటు దిండు కింద మనిషి బరువు మోసే స్ప్రింగు కమ్ములుంటాయి, పాముల్లా వంకర్లు తిరిగి. అవి ఒక్కొక్కటే తుప్పుపట్టి తెగిపోయాయి. ఆయన గోతిలో కూర్చున్నట్టు కూర్చుని నడిపేవారు. ఊరేగింపు నుంచి వచ్చి గుమ్మం పట్టుకుని నిలబడిపోయేవారు. ఎడమ కాలు తిమ్మిరెక్కిందనేవారు. "సీటు బాగైతే నాను బాగైపోతాను" అనేవారు. నమ్మాను. నమ్మక ఏం చెయ్యను, వైశాఖం పెళ్ళిళ్ళు ముంచుకొస్తున్నాయి.

సీట్లు కుట్టే అతను చూసి తల గోక్కున్నాడు. "ఏటి బావా, ఈ స్ప్రింగులు మనకెక్కడ దొరుకుతాయి? అంబాసిడర్వి ఏసేత్తాను, సూడు" అన్నాడు. వేశాడు. వాటికి ఎత్తెక్కువ, ఆయన తల వెళ్ళి కప్పుకి తగిలింది. తీయించేశాం. పోర్టు దగ్గర పాత ఇనప సామాన్ల కొట్లన్నీ గాలించాం. మద్రాసు వెళ్ళేవాళ్ళతో కబురంపాం. ఎక్కడా లేవు. ఆఖరికి నేనే నవారు కొని, మంచానికి అల్లినట్టు సీటు ఫ్రేముకి అల్లాను. నవారు సంగతి తెలిసిందే, సాయంత్రానికల్లా సాగిపోయేది. రోజూ పొద్దున్నే నేను కారులో మోకాళ్ళ మీద కూర్చుని దాన్ని బిగించడం, దారిన పోయేవాళ్ళు ఆగి చూడడం.

కారుకి నిమ్మకాయలు కట్టాను. గుమ్మడికాయతో దిష్టి తీశాను. ఆయనకి తియ్యాలన్న ఊహే రాలేదు. ఆస్పత్రి మాటెత్తితే "సీటుకి రోగవొస్తే నాకు సూదిమందేటే?" అని కసిరేవారు.

అలాంటప్పుడు సీట్లతనే ఓ కబురు తెచ్చాడు. భీమిలిలో ఓ ముసలమ్మ ఇంటి అరుగు మీద అచ్చం ఇలాంటి కారు సీటే ఉందట, కూర్చోడానికి వాడుకుంటోందట. మర్నాడే బస్సెక్కాం. సీటు ఖాళీగా ఉన్నా ఆయన భీమిలి దాకా నిలబడే వచ్చారు. ఈ బస్సు సీట్లు కూడా పాడే అన్నారు.

ముసలమ్మ సీటు మీంచి లేవనైనా లేవలేదు. "ఇచ్చేత్తే నానెక్కడ కూకోవాలి?" అంది.

నాకు సిగ్గూ శరమూ పోయాయి. వంగి ఆవిడ కాళ్ళు పట్టుకున్నాను. "మా ఇంట్లో నవారు మంచవుందమ్మా, టేకుది. అది తెచ్చిత్తాను. కూకుందువు గాని, తొంగుందువు గాని" అన్నాను. మాకున్నది ఆ ఒక్క మంచమే, ఆయన పడుకునేది. ముసలమ్మ కాసేపు మా ఇద్దరి మొహాలూ చూసి సరే అంది.

మంచం పంపించి సీటు తెచ్చుకున్నాం. విప్పి చూస్తే స్ప్రింగులన్నీ గట్టిగా ఉన్నాయి. సీట్లతను వాటిని మా సీటు కొక్కేలకి తగిలిస్తుంటే, ఒక్కొక్కటీ దాని చోట్లో టక్కున కూర్చుంటుంటే, నాకు ఏడుపొచ్చింది. బతికిపోయాం అనుకున్నాను.

ఆయన ఎక్కి కూర్చున్నారు. సీటు కొంచెం దిగి, చక్కగా ఆగింది.

"ఎలాగుంది బావా?" అన్నాడు సీట్లతను.

ఆయన స్టీరింగు పట్టుకుని, క్లచ్చి మీద ఎడమ కాలు వెయ్యబోయారు. కాలు లేవలేదు. రెండు చేతులతో తొడని ఎత్తి అక్కడ పెట్టుకున్నారు. అది జారిపోయింది.

"సీటు బాగుందే" అన్నారు నాతో, మెల్లగా. "ఇంక దేన్ని తిట్టను?"

నేనూ సీట్లతనూ చెరోవైపు పట్టి దింపాం. లోపలికి తీసుకెళ్ళాక, ఆయన్ని ఎక్కడ పడుకోబెట్టాలో తోచక గది మధ్యలో అలాగే పట్టుకుని నిలబడ్డాను. మంచం భీమిలిలో ఉంది.