తుంటిలో బుష్

మా ఆయన సీసాల ఫ్యాక్టరీలో మెకానిక్. యంత్రాల కీళ్లలో ఇరుసు చుట్టూ తొడిగే ప్లాస్టిక్ గొట్టాలు, అంటే బుష్‌లు, అరిగితే మార్చడమే ఇరవై ఏడేళ్లు ఆయన పని. బుష్ అరిగేది ఏళ్లను బట్టి కాదు, ఎన్నిసార్లు కదిలిందన్నదాన్ని బట్టి అనేవారు. అందుకే ప్రతి యంత్రానికీ కదలికలు లెక్కపెట్టే కౌంటర్ ఒకటి తగిలించేవారు. ఫ్యాక్టరీలో అది మంచి పద్ధతే, నేనెందుకు కాదనాలి?

నా ఖర్మ కాలి ఆయన తుంటికీలే పాడైంది. ఆపరేషన్ చేసి లోహపు గుండు, అది తిరగడానికి ప్లాస్టిక్ గిన్నె పెట్టారు. ఎన్నాళ్లు వస్తుందని ఈయన అడిగితే, వాడకాన్ని బట్టి మెల్లగా అరుగుతుందన్నాడు డాక్టరు. రోజూ నడవమనీ చెప్పాడు. ఆ రెండో మాట ఈయన చెవికెక్కితేగా! మర్నాడే అడుగుకోసారి బొటనవేలితో నొక్కే కౌంటర్ ఒకటి జేబులోకి చేరింది.

మొదట రోజుకు రెండు వేల అడుగులు మించకూడదని హద్దు పెట్టుకున్నారు. తర్వాత ఎనిమిది వందలు. ఆ తర్వాత మంచం బాత్‌రూమ్ పక్కకి జరిగింది. తలుపు తీయాలన్నా, మంచినీళ్లు అందించాలన్నా నేనే. పక్కవీధిలో మా చెల్లెలింటికి రమ్మంటే, రానూపోనూ ఆరు వందల నలభై అనేవారు. ఆయన్ని వదిలి నేనూ గడప దాటలేకపోయాను. ఇద్దరికీ కలిపి ఒకటే కిటికీ. ఒళ్లు మండిపోయేది. డాక్టరు దగ్గరికి వెళదామన్నా ఆస్పత్రి వరండా పొడవు తలచుకుని వాయిదా వేసేవారు. అలా ఆరేళ్లు గడిచాయి.

చివరికి ఒకరోజు బాత్‌రూమ్ గుమ్మంలో తూలిపడబోయారు. ఇక నేను ఊరుకోలేదు, ఆటో ఎక్కించి తీసుకెళ్లాను. ఎక్స్‌రే చూసి, ప్లాస్టిక్ అరిగినట్టే లేదన్నాడు డాక్టరు. మా ఆయన మొహం వెలిగిపోయింది.

"చూశావా? నేను చెప్పలా?" అన్నారు నాతో.

డాక్టరు ఆయన్ని తలుపు దాకా నడవమన్నాడు. నాలుగో అడుగుకే మోకాలు మడత పడి నా భుజం మీద వాలిపోయారు. డాక్టరు తొడ చుట్టూ టేపు పెట్టి కొలిచాడు.

"కీలు కొత్తదానిలా ఉందండీ. దాన్ని కదిపే కండే కరిగిపోయింది."

ఇంటికొచ్చాక ఆయన జేబులోంచి కౌంటర్ తీసి నా చేతిలో పెట్టారు.

"దీన్ని సున్నా చెయ్యి. రేపు మీ చెల్లెలింటికి పోదాం."

నాకు ఏడుపొచ్చింది. సున్నా చేశాను. మర్నాడు పొద్దున్నే ఉతికిన చొక్కా వేసుకుని, నా భుజం పట్టుకుని బయలుదేరారు. మంచం నుంచి వీధి గడపకి పన్నెండు అడుగులు. తొమ్మిదో అడుగులో నేల మీద కూలబడ్డారు. నేనూ ఆయన పక్కనే కూర్చున్నాను.