సహంలో పొగ రాని పొయ్యి కోసం ఒక శనివారం

గురువారం డ్యూటీ దిగి ఇంటికొచ్చానో లేదో మస్తాన్ భాయ్ దగ్గర నుంచి ఫోన్. మస్కట్‌కు రెండు వందల కిలోమీటర్ల అవతల, బాతినా తీరంలో ఉన్న సహంలో నలభై మంది పనివాళ్లకు వండిపెట్టే మెస్ నడుపుతాడాయన. కడప జిల్లా మనిషి, కూర రుచి చూడకుండానే ఉప్పు తక్కువైందని వాసనతో చెప్పగలడు. ఎప్పుడూ నవ్వుతూ మాట్లాడేవాడు ఆ రోజు గొంతు తగ్గించి మాట్లాడాడు. "సిస్టర్మా, ఆదివారం పొద్దున మున్సిపాలిటీ ఆయన మళ్లా వస్తాడంట. అంతలోపల పొగ ఆపకపోతే కట్టెల పొయ్యి తీసేయాలంట. ఈ రేకుల షెడ్డులో పెద్ద గ్యాస్ సిలిండర్లు పెట్టనీరు. పొయ్యి పాయెనంటే మెస్ పాయె, మెస్ పాయెనంటే నా వీసా పాయె. ఇంటికి పోయి ఏం జేసేది మా?"

ఫిర్యాదు చేసింది పక్కింటి సలీం. వాళ్లమ్మకు ఆయాసం. ఎండాకాలమంతా ఏసీలు వేసుకుని కిటికీలు బిగించుకునే దేశంలో, చలికాలం వస్తేనే గదా తలుపులు తెరిచేది! అలా తెరిచిన కిటికీలోంచి నేరుగా మస్తాన్ భాయ్ పొగ వెళ్తోంది. నేను ఊపిరితిత్తుల వార్డులో నర్సుని. ఇన్‌హేలర్ పీల్చడానికి కూడా ఓపిక లేని ముసలివాళ్లను రోజూ చూస్తాను, అందుకే పొగ మాట వింటేనే నాకు ఒళ్లు మండుతుంది. కానీ ఇటు చూస్తే మస్తాన్ భాయ్. ఎవరిని తప్పు పట్టమంటారు? శనివారం నాకు ఆఫ్ పడింది. పొగ తక్కువ వచ్చే కట్టెల పొయ్యిలు సోహార్‌లో దొరుకుతాయని విన్నాను. "నేనొస్తున్నా, ఇద్దరం కలిసి చూద్దాం" అని మాటిచ్చేశాను. కందకు లేని దురద కత్తిపీటకెందుకని మా ఆయన నవ్వారు గానీ, బస్సు టికెట్టు కూడా ఆయనే తీశారు.

ఇలాంటి పని మీద ఇటు వచ్చేవాళ్లకు దారి చెబుతాను. మస్కట్‌లో ఖురంలోని మా ఇంటి నుంచి బుర్జ్ అల్ సహ్వా బస్టాండుకు వెళ్లి పొద్దున ఆరున్నరకు బస్సెక్కాను. నేను వెళ్లినప్పుడు టికెట్టు మూడు రియాళ్లు. ముందు రోజే సీటు తీసుకోవడం మంచిది, రెసిడెంట్ కార్డు దగ్గర ఉంచుకోండి. బర్కా దాటాక ఎడమవైపు దూరంగా కొండలు, కుడివైపు ఖర్జూరం తోటలు, మధ్యలో పొడుగ్గా సాగిపోయే రోడ్డు. సువైక్ దాకా నేను బాగా నిద్రపోయాను, అక్కడి చూడదగ్గ ప్రదేశాల గురించి ఇంకెవరైనా రాస్తే చదవండి. తొమ్మిదింటికి సహంలో దిగేసరికి నర్సయ్య కంపెనీ పికప్‌తో నిలబడి ఉన్నాడు. జగిత్యాల వైపు మనిషి, ఆ మెస్‌లోనే తింటాడు. "జల్ది ఎక్కు అక్కా. మస్తాన్ భాయ్ రాత్రి నుంచి ఎవ్వరితోని మాట్లాడుతలేడు. ఉప్పు రెండుసార్లు ఏసిండు పప్పుల" అన్నాడు. నాకు నవ్వొచ్చింది, జాలి కూడా వేసింది.

మెస్ ఒక సందు చివర ఉంది. వెనక నిమ్మతోట, పక్కన సలీం ఇల్లు, రెంటికీ మధ్య నా తల ఎత్తు గోడ. తోటలో కొట్టేసిన నిమ్మకొమ్మలు, మామిడి కొమ్మలు ఊరికే వస్తాయి కాబట్టి మస్తాన్ భాయ్‌కి కట్టె ఖర్చు లేదు. నేరుగా వంటింట్లోకి వెళ్లకుండా ముందు పక్కింటికి వెళ్దామన్నాను. ఆయన వెనకడుగు వేశాడు. "వాళ్ల మొకం ఎట్ల చూసేది మా?" అన్నాడు. "మీరు చూడక్కర్లేదు, నేను చూస్తాను, పదండి" అని చెయ్యి పట్టుకుని లాక్కెళ్లాను.

సలీం మంచి మనిషి. మమ్మల్ని కూర్చోబెట్టి ఖర్జూరాలు, కాఫీ పెట్టాడు. బాతినాలో చాలామందికి వచ్చినట్టే ఆయనకూ హిందీ వచ్చు. వాళ్లమ్మ కిటికీ పక్కన మంచం మీద ఉంది. మందు పొగలా పట్టే మిషన్ తలదగ్గరే ఉంది. నా చెయ్యి పట్టుకుని "కేరళా?" అంది. ఒమన్‌లో నర్సంటే కేరళే! "కాదమ్మా, ఆంధ్రా" అన్నాను. ఆమెకు తేడా ఏమీ తెలియలేదు గానీ నవ్వింది, నవ్వీ నవ్వగానే దగ్గు తెర వచ్చింది. ఆ దగ్గు చూశాక మస్తాన్ భాయ్ తల ఎత్తలేదు. సలీం నెమ్మదిగా చెప్పాడు: "ఇన్నేళ్లుగా వీళ్లు ఇక్కడే వండుతున్నారు. మేం ఎన్నడన్నా ఏమైనా అన్నామా? ఈ ఏడాది నుంచే ఈ పొగ. ఏమైందో నాకు తెలియదు. మా అమ్మను చూడండి, నేనేం చేయను?" పాత పొయ్యి పగిలి ఉంటుందని నేననుకున్నాను. వెళ్లి చూస్తే నిజంగానే ఇటుకలు కదిలి ఉన్నాయి. ఇదిగో దొంగ దొరికాడని సంతోషించాను.

పదింటికి సోహార్ బయలుదేరాం. అరగంట ప్రయాణం. ముందు రెండు దుకాణాలు చూశాం. మొదటిది క్యాంపింగ్ సామాన్ల దుకాణం. అక్కడ బ్యాటరీతో ఫ్యాన్ తిరిగే చిన్న స్టీలు పొయ్యి చూపించారు. మంట నీలంగా వస్తోంది, పొగ లేదు, చూడముచ్చటగా ఉంది. మస్తాన్ భాయ్ దాన్ని అరచేతిలో పెట్టుకుని అటూ ఇటూ తిప్పి "దీని మింద నా డేగిసా పెడితే డేగిసా కింద ఇది కనపడదు మా" అన్నాడు. ఇద్దరు ముగ్గురు ఎడారికి వెళ్లి టీ కాచుకోవడానికైతే అదే కొనుక్కోండి. రెండో దుకాణంలో పొగగొట్టం ఉన్న పోత ఇనుప పొయ్యి, కొండల మీద గుడారాల్లో చలి కాచుకునేది. గొట్టం ఉంది కదా అని నేను మొగ్గాను. నర్సయ్య ఆపాడు. "గొట్టంలకెంచి పోయిన పొగ యాడికి పోతది అక్కా? గా ముసలవ్వ కిటికీలకే గదా!" నిజమే. పొగను పైకి పంపే పొయ్యి వేరు, పొగనే కాల్చేసే పొయ్యి వేరు. ఇళ్ల మధ్య వండేవాళ్లకు కావలసింది పొగను కాల్చేసేది.

అలాంటిది సనాయియాలో, అంటే వర్క్‌షాపులన్నీ ఉండే వాడలో, ఒక పఠాన్ వెల్డర్ దగ్గర దొరికింది. కట్టె అడ్డంగా పెట్టే చిన్న నోరు, దాని నుంచి నిటారుగా లేచే గొట్టంలాంటి పొట్ట, చుట్టూ ఇంకో రేకు, రెండు రేకుల మధ్య వేడి బయటికి పోకుండా బూడిద నింపాడు. నోటి అడుగున ఇనుప జల్లెడ, కట్టెలు దాని పైన, గాలి దాని కింద. ఆ కింది సందు మూసుకుపోతే అంతా వృథా అని ఆయన ఉర్దూలో మూడుసార్లు చెప్పాడు. డేగిసా చుట్టూ వేడి పట్టి ఉంచడానికి ఒక రేకు కట్టు కూడా ఇచ్చాడు. పొట్ట లోపల మంట రాజుకుంటే వేడి పెరిగి పొగ కూడా మండిపోతుందట. ముప్పై అయిదు చెప్పి ఇరవై ఎనిమిది రియాళ్లకు దిగాడు. కొనేటప్పుడు మీ గిన్నె అడుగు కొలత తీసుకెళ్లండి. మేం డేగిసానే పికప్‌లో వేసుకెళ్లాం. జనం చూసి నవ్వారు, మాకేం?

ఒకటిన్నరకు తిరిగొచ్చి, రెండింటికి పొయ్యి ముట్టించాం. నేను కాస్త గర్వంగా నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాను. అయిదు నిమిషాల్లో షెడ్డంతా తెల్లటి పొగ! పాత పొయ్యే నయం అనిపించేంత పొగ. కళ్లు మండుతున్నాయి, నర్సయ్య దగ్గుతున్నాడు, మస్తాన్ భాయ్ పొయ్యి నోట్లోకి ఊదుతూ మధ్యలో నా వైపు చూస్తున్నాడు. గోడ అవతల కిటికీ రెక్కలు టపటపా మూసిన శబ్దం వినపడింది. నా ప్రాణం చివుక్కుమంది. ఆ పఠాన్ మనల్ని ముంచేశాడని కోపంతో అప్పటికప్పుడు ఆయనకు ఫోన్ చేసి నాలుగు మాటలన్నాను. ఆయన అన్నీ విని ఒకే మాట అడిగాడు: "కట్టె ఎండిందేనా, బాజీ?"

ఎండకుండా ఎందుకుంటుందని కుప్పలోంచి ఒకటి తీశాను. చెయ్యి తడిసింది. ఇంకోటి తీశాను, అదీ అంతే. కుప్ప కింద నేల బురదగా ఉంది. వాన లేదు, కుళాయి లేదు. "మస్తాన్ భాయ్, ఇవెందుకు తడిశాయి?" అన్నాను. ఆయన విచిత్రంగా చూశాడు. "మీరు జెప్పినారు గదమ్మా! పోయిన చలికాలం వచ్చినప్పుడు మీరే గదా, కట్టెలు తాకే ముందర ఒక బక్కెట్టు నీళ్లు పొయ్యమని. ఆ పొద్దుటి నుంచి ఒక్క దినం గూడా తప్పకుండా పోస్తాండా."

అయ్యో దేవా! అప్పుడు గుర్తొచ్చింది. కిందటి చలికాలం మా చర్చి నర్సులం కొందరం ఆ మెస్‌కు వెళ్లి అందరికీ బీపీ, షుగర్ చూశాం. ఆ వారమే ఒకతను కట్టెల్లో చెయ్యి పెట్టి తేలుతో కుట్టించుకున్నాడు. ఎవరో ఎప్పుడో చెప్పగా విన్న మాట పట్టుకుని, నీళ్లు చల్లితే తేళ్లు బయటికొచ్చేస్తాయని పెద్ద డాక్టరులా నేనే ఉపన్యాసం ఇచ్చాను. ఆ పూటే మరిచిపోయాను. ఆయన మరిచిపోలేదు. ఏడాది పాటు రోజూ పొద్దున బకెట్టు నీళ్లు పోసి, ఆ తడి కట్టెతో తంటాలు పడి, కళ్లు ఎర్రబడేలా ఊది, నలభై మందికి వండాడు. ఆ పొగ గోడ దాటి ఒక ముసలి ఊపిరితిత్తుల్లోకి వెళ్లింది. ఆసుపత్రిలో పొగ గురించి అందరికీ నీతులు చెప్పే నేనే ఆ పొగ పెట్టాను! సిగ్గుతో నాకు ఏడుపొచ్చేసింది. "తప్పు నాది భాయ్, నన్ను తిట్టండి" అన్నాను. "మిమ్మల్నెందుకు తిడతా మా? ఏడాదిగా ఒక్కరికి గూడా తేలు కుట్టలేదు" అన్నాడు. ఆ మాటకి ఇంకా ఏడిచాను.

ఏడుస్తూ కూర్చుంటే రాత్రికి నలభై మంది తినాలి గదా. తోట పంపు గదిలో నిరుడు కొట్టిన నిమ్మకొమ్మలు ఉన్నాయని నర్సయ్య చెప్పి, బండి నిండా తెచ్చాడు. రెండు కట్టెలు ఒకదానితో ఒకటి కొట్టి చూశాం. ఎండినవి ఖణేల్‌మన్నాయి. తడివి దబ్‌మని చచ్చుగా మోగాయి. పరీక్ష ఇంతే, మిషన్లేవీ అక్కర్లేదు. వాటిని బొటనవేలంత సన్నగా చీల్చి, నోరు సగం ఖాళీగా ఉండేలా పెట్టాం. పొయ్యి నిండా కట్టె కూరడం అలవాటైన మస్తాన్ భాయ్ చేతులు ఊరుకోలేదు, రెండుసార్లు ఆయన చేతిలోంచి కట్టె లాక్కున్నాను. ముట్టించాక రెండు మూడు నిమిషాలు సన్నగా పొగ లేచింది, తర్వాత లోపల గుర్రుమని చప్పుడు మొదలై మంట మటుకే మిగిలింది. తేళ్ల కోసం నీళ్లు బంద్. కట్టెలు నేలకు మూరెడెత్తున ఇనుప స్టాండు మీద ఉంచి, మందపాటి తోలు గ్లౌజులతో, ముందు కర్రతో తట్టి తీయాలని కొత్త పద్ధతి పెట్టాం. ఈసారి మా వార్డు డాక్టరుకు ఫోన్ చేసి అడిగి, ఆయన సరేనన్నాకే చెప్పాను లెండి.

ఆరున్నరకల్లా అన్నం, పప్పు, మటన్ కూర దిగాయి. డ్యూటీ నుంచి వచ్చినవాళ్లు షెడ్డు పైన పొగ కనపడక ఇవాళ వంట లేదా అని కంగారు పడ్డారు, కంచాలు చూశాక కుదుటపడ్డారు. అందరూ కూర్చుని తింటుండగా తలుపు కొట్టిన చప్పుడు. తెరిస్తే సలీం. మస్తాన్ భాయ్ చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది. మధ్యాహ్నం పొగకు తిట్టడానికే వచ్చాడని అందరం అనుకున్నాం. సలీం రెండు చేతులతో పెద్ద పళ్లెం పట్టుకుని ఉన్నాడు, పైన మూత. మూత తీస్తే అన్నం, దాని మీద చేప, పక్కన రొట్టెలు. "మా అమ్మ పంపింది. సాయంత్రం నుంచి కిటికీలోంచి చూస్తూనే ఉంది. మధ్యాహ్నం కాసేపు పొగ వచ్చి ఆగిపోయింది, మళ్లీ రాలేదు, నేను మున్సిపాలిటీకి చెప్పడం వల్ల ఈ పిల్లలు పొయ్యి వెలిగించుకోలేదు, ఆకలితో పడుకుంటారు అని నన్ను తిట్టింది" అన్నాడు.

మస్తాన్ భాయ్ ఆ పళ్లెం అందుకుని, "వండినాం, తిన్నాం అని చెప్పు అమ్మకు, అందరం తిన్నాం" అని హిందీలో మొదలుపెట్టి తెలుగులోకి జారిపోయాడు. తర్వాత పళ్లెం ఖాళీ చేసి, దాని నిండా మటన్ కూర వేసి తనే స్వయంగా పట్టుకెళ్లాడు. ఆదివారం వచ్చిన మున్సిపాలిటీ ఆయన పొయ్యి ముందు పది నిమిషాలు నిలబడి, పక్కింటికి వెళ్లి అడిగి, సరే వండుకోండన్నాడని నర్సయ్య ఫోన్‌లో చెప్పాడు.

ఆ శనివారం రాత్రి బస్సులో వస్తూ ఆ పెద్దమ్మ గురించే ఆలోచించాను. ఆ పొగ ఆమెకు ఊపిరాడనివ్వలేదు, నిజం. అయినా అది కనపడితే పక్కన పిల్లలు తింటున్నారని కూడా ఆమెకు తెలిసేది. ఇన్నాళ్లుగా దగ్గుతూనే మావాళ్లు తిన్నారా లేదా అని లెక్క చూసుకుంది ఆ తల్లి. పొగ ఎవరి గొంతులోకి వెళ్తోందో నేను చూశాను గానీ, దాన్ని చూసి ఎవరు నిశ్చింతగా పడుకుంటున్నారో నాకు తట్టనే లేదు. కాబట్టి ఇళ్ల మధ్య పొగ రాని పొయ్యి పెట్టుకోబోయేవాళ్లకు నా సలహా ఒకటే, ఇది మాత్రం ఎవరినీ అడగకుండానే చెబుతున్నాను: మొదటి రోజు వంట కాగానే పక్కింటికి గిన్నెడు కూర పట్టుకెళ్లి, మేం తిన్నాం అని చెప్పి రండి.