వేలం గదిలో రామ పట్టాభిషేకం

ఈ వార్త నాకు మొదట తెచ్చినది మా వీధి చివరింటి డాక్టరు సుశీల. ఎనభైల మొదట్లో, నార్త్ కరోలినాలో మా చుట్టుపక్కల తెలుగిళ్ళు వేళ్ళమీద లెక్కపెట్టేటన్నే ఉన్న రోజులవి. ఒక ఆదివారం పొద్దున్నే ఆస్పత్రి నుంచి నేరుగా మా ఇంటికొచ్చి, కోటు కూడా విప్పకుండా, నున్నటి కాగితాల పుస్తకమొకటి నా వంటగది బల్లమీద పెట్టింది. న్యూయార్కులో కళావస్తువులు వేలం వేసే ఒక సంస్థ అచ్చువేసిన కేటలాగు అది. వాళ్ళ పెద్ద సర్జను గదిలో కనబడితే అడిగి తెచ్చిందట. మధ్య పేజీలో గోడంత కలంకారీ బట్ట బొమ్మ. నడుమ రామ పట్టాభిషేకం, చుట్టూ వరసలుగా రామాయణం, ప్రతి వరస కిందా తెలుగక్షరాలు. పక్కన ఇంగ్లీషులో, దక్షిణ భారతదేశం, చిత్రకారుడెవరో తెలియదు, అని వేశారు.

"ఇలాంటిదే పోయినేడు ఒకటి ఆక్షన్ చేస్తే, ఇళ్ళు డెకరేట్ చేసేవాళ్ళు కొని కత్తిరించేశారు అక్కయ్యా. మా సర్జన్ గారి హాల్లో ఒక ముక్క ఫ్రేమ్ కట్టించి పెట్టారు. హనుమంతుడు చెయ్యి చాచి ఉంగరం ఇస్తున్నాడు, పుచ్చుకునే సీతమ్మ లేదు," అంది సుశీల.

ఆ మాట నన్ను కూర్చోనివ్వలేదు. నేను బడికి వెళ్ళినదాన్ని కాను. చిన్నతనంలో తరచు జబ్బుపడేదాన్నని ఇంట్లోనే ఉంచారు. మా అమ్మమ్మ నాకు అక్షరాలు నేర్పింది నవమి పందిట్లో కట్టే ఇటువంటి బట్ట మీదనే. వేలు పట్టుకుని వరస వెంట నడిపించేది. ఆ బట్ట తరవాత జీర్ణమైపోతే మావాళ్ళు ఏట్లో కలిపారు. నా బడి అలా నీళ్ళపాలైంది. దాని తోబుట్టువును ముక్కలు కాకముందు ఒక్కసారి చూసి వద్దామనిపించింది. మావారితో చెబితే వద్దనలేదు. సుశీల డ్యూటీలు మార్చుకుంది.

గురువారం తెల్లవారకముందే రాలీలో రైలెక్కాం. కిటికీ పక్కన చోటు దొరికింది. పులిహోర, పెరుగన్నం మూటకట్టుకున్నాం కనక రైల్లో కాఫీ తప్ప ఏమీ కొనలేదు. వెళ్ళదలచినవారు శాలువా ఒకటి చేతిలో ఉంచుకోవాలి, పెట్టెలు బాగా చల్లగా ఉంటాయి. రిచ్మండు దాటాక ఎదుటి సీట్లో టోపీ పెట్టుకున్న ఒక నల్లజాతి పెద్దావిడ కూర్చుంది. బాల్టిమోరులో వాళ్ళ చర్చికి వెళ్తోంది. పులిహోర రుచి చూసి, మేమెక్కడికని అడిగింది. దేవుడి బొమ్మ అమ్మేస్తున్నారు, చూడ్డానికి వెళ్తున్నామన్నాను.

"కొనడానికి కాదూ, చూడ్డానికేనా? మంచిది. ఆయన కూడా నిన్ను చూస్తాడుగా," అంది. బాల్టిమోరులో దిగుతూ నా భుజం తట్టింది. ఆ తల్లి ఆశీస్సు ఊరికే పోలేదు.

సాయంత్రానికి న్యూయార్కు చేరి, ఫ్లషింగులో సుశీల స్నేహితురాలి ఇంట్లో దిగాం. పొద్దున్నే అక్కడి గణపతి గుడికి నడిచి వెళ్ళి దండం పెట్టుకుని, సబ్‌వే ఎక్కి పది గంటలకు వేలంశాల ముందున్నాం. ఒక సంగతి చెప్పాలి. అమ్మకానికి ముందు కొన్ని రోజులపాటు సరుకంతా పరచి ఉంచుతారు. ఎవరైనా వెళ్ళి చూడవచ్చు, టిక్కెట్టు లేదు. కోటీశ్వరుడికీ నాకూ ఒకటే ద్వారం. కేటలాగు మాత్రం కొనాలంటే మా ఇద్దరి రోజు భోజనం కంటే ఎక్కువ.

మేడమీద రెండో గదిలో, ఎదుటి గోడకు, ఉన్నాడాయన. చాయవేరు ఎరుపు, నీలి, కరక్కాయ నలుపు. నా కాళ్ళు గుమ్మంలోనే ఆగాయి. బూట్లు విప్పి పక్కన పెట్టి లోపలికి నడిచాను.

"అక్కయ్యా, ఇది గుడి కాదు, షూస్ వేసుకోండి, అందరూ చూస్తున్నారు," అని సుశీల చెవిలో గొణిగింది.

"చూడనీ. రాముడి ముందుకి బూట్లతో ఎలా పోను?"

తను నవ్వి, ఆస్పత్రికి ఫోన్ చేయాలని కిందికి వెళ్ళింది. నేను దండం పెట్టుకుని కాసేపటికి వెనక్కి వస్తే గుమ్మం దగ్గర బూట్లు లేవు. ఆ వేలంశాల పద్ధతి అలాంటిదట. అక్కడ చీటీ లేకుండా ఏ వస్తువూ ఉండకూడదు. వారసత్వాల కింద వచ్చే సరుకులో గొడుగు దగ్గర్నుంచి సింహాసనం దాకా ఉంటుంది. ఒంటరిగా కనిపించిన నా బూట్లను ఆప్రాను కట్టుకున్న పనివాడెవరో చీటీ కట్టి లోపలి గిడ్డంగికి తీసుకుపోయాడు. కాపలాదారు మర్యాదగా క్షమాపణ చెప్పి, కబురు పంపించాడు. మేజోళ్ళతో అటూ ఇటూ తిరగడమెందుకని బట్ట ముందే నేలమీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాను.

అలా కూర్చుంటేనే అది కనిపించింది. అందరూ నిలబడి చూసే బట్ట. దాని అడుగు అంచులో, లతల మధ్య, చీమలబారులాగా ఒక వరస ఉంది. పదాల మధ్య ఎడం లేని పాతకాలపు రాత. అమ్మమ్మ వేలు నా వేలిని పట్టుకున్నట్టే ఉంది. పైకే చదివాను: కాళహస్తి వెంకటాద్రి గీసెను. ఏటిలో ఉతికి రంగు నిలిపినది ఆతని భార్య బుచ్చమ్మ. రాముడు చల్లగా చూచుగాక.

వెనకనుంచి ఎవరో అడిగారు: "ఇవి మీవేనా? ఏం చదువుతున్నారు?"

నా బూట్లు చేత్తో పట్టుకుని ఒక అమ్మాయి. పేరు ఎలినార్. ఆసియా వస్త్రాల కేటలాగు రాసింది తనేనట. నేను చెప్పింది విని తనూ నేలమీద కూర్చుంది. "అది లతల్లో అలంకారం అనుకున్నాను," అని భూతద్దం తెప్పించింది.

నా మాట నమ్మి అంతటితో ఊరుకోలేదు. అది నాకు ఎంతో నచ్చింది. ఆ ఊరి విశ్వవిద్యాలయంలో మన లిపి తెలిసిన ఆచార్యులొకరిని పిలిపించింది. ఆయన వచ్చి అక్షరం అక్షరం చూసి, సరిగ్గానే చదివారమ్మా, అన్నారు. ఈలోగా కిందనుంచి వచ్చిన సుశీలా నేనూ ఎలినార్ గదిలో టీ తాగాం. ఇటువంటి సంస్థలు రెండు వందల ఏళ్ళ కిందట లండనులో, చనిపోయినవారి గ్రంథాలయాలూ ఇంటి సామానూ అమ్మడంతో మొదలయ్యాయని చెప్పింది. ప్రతి వస్తువు ఎవరి చేతిలో పుట్టి ఎవరెవరి చేతులు మారిందో వెతకడమే వాళ్ళ పనిలో సగమట. వంశవృక్షం తెలిసిన వస్తువుకే గౌరవం.

అప్పుడు సుశీల, "దీన్నీ కత్తిరిస్తారా?" అని అడిగేసింది.

ఎలినార్ కప్పు కింద పెట్టింది. "కొన్నవారు ఏం చేస్తారని మేం అడగకూడదు. ఒక మ్యూజియమాయన రెండుసార్లు వచ్చి చూశారు. ఎక్కడిది, ఎవరిది అన్నారు. జవాబు లేకపోతే వాళ్ళ కమిటీ ఒప్పుకోదు. ఇప్పుడు జవాబుంది. సోమవారం వేలం. ఆయన వస్తారో రారో నాకు తెలీదు."

మేం శనివారమే తిరిగి వెళ్ళాలి. మావారికి ఫోన్ చేశాను. "వంట నేను చేసుకుంటాలే, సంగతి తేలేదాకా ఉండి రా," అన్నారు. అటువంటి మనిషిని ఇచ్చినందుకు దేవుడికి ఆ రాత్రి మరొకసారి దండం పెట్టుకున్నాను. సుశీల స్నేహితురాలు మాకు మరో రెండు పూటలు కాదు, మూడు రోజులు అన్నం పెట్టింది.

సోమవారం గది నిండింది. కొనేవారి చేతుల్లో అంకెలు రాసిన అట్టలు. గోడవారన టెలిఫోన్ల వరసలో ఎలినార్ నిలబడింది. దూరదేశాల్లో ఉన్నవారి తరఫున పాట పాడేది ఆ టెలిఫోన్లు పట్టుకున్న ఉద్యోగులే. వేలం పాడించే పెద్దమనిషి ఎత్తయిన పీఠమెక్కి, గొంతు పెంచకుండానే గదినంతా నడిపించాడు. ఎవరి కనుబొమ్మ కదిలినా ఆయనకు తెలుస్తుంది. అమ్మేవారు ఇంతకంటే తగ్గమని ముందే పెట్టుకున్న హద్దొకటి ఉంటుంది, అది ఆయనకు తెలుసు, గదికి తెలియదు. సంగీత కచేరీలో తాళం చూసినట్టు చూశాను.

మా బట్ట వంతు వచ్చేసరికి ఆయన ఒక కాగితం తీశాడు. కేటలాగులో తప్పుంటే పాట మొదలుకాకముందు అందరికీ వినబడేలా దిద్దాలి, అది వాళ్ళ నియమం. "చిత్రకారుడెవరో తెలిసింది. కాళహస్తి నివాసి, వెంకా-టాడ్రీ," అని చదివి, వెంటనే పాట ఎత్తుకున్నాడు. ఆ పేరు ఆ గదిలో వినగానే నా కళ్ళు నిండాయి. రెండో పేరుకు ఆయన ఆగలేదు.

ముందు వరసలో ఒక దొరసాని అట్ట దించకుండా పాడుతోంది. ఇళ్ళు అలంకరించేది ఆవిడే అని సుశీల నా చెయ్యి నొక్కింది. టెలిఫోన్లు ఒక్కొక్కటే తప్పుకున్నాయి. ఇక ఆవిడకే అనుకున్నప్పుడు, వెనక గోడకానుకున్న పొడుగాటాయన పెన్సిలు కొంచెం ఎత్తాడు. ఆవిడ పెంచింది. పెన్సిలు లేచింది. మళ్ళీ ఆవిడ, మళ్ళీ పెన్సిలు. ఆవిడ వెనక్కి తిరిగి చూసింది, పక్కనున్నాయనతో ఏదో అని, అట్ట ఒళ్ళో పెట్టుకుంది. సుత్తి పడింది. ఎలినార్ వైపు చూశాను. టెలిఫోను గుండెకు అదుముకుని ఉంది. పెన్సిలెత్తినది ఆ మ్యూజియమాయనే.

రాముడు ముక్కలు కాలేదు.

బయటికి వచ్చేటప్పుడు ఎలినార్ మెట్లదాకా వచ్చింది. రెండు పేర్లూ కాగితంలో రాసి ఇచ్చానని, పీఠమ్మీది ఆయనకు ఒకటి చదివే వ్యవధే దొరికిందని నొచ్చుకుంది. మ్యూజియం గోడమీద పెట్టే కార్డులో కూడా గీసినవారి పేరే వేస్తారట, అది రివాజు. నాకు కోపం రాలేదు. ఎవరో తెలియని మనిషికి ఒక పేరు తిరిగి ఇవ్వడానికి ఆ పిల్ల పడిన తపన చూసినదాన్ని.

మంగళవారం ఉదయం తిరుగు రైలెక్కాం. సుశీల కిటికీకి తల ఆన్చి నిద్రపోయింది. వ్యాపారస్థలమని వెళ్ళాను. వస్తువు పుట్టుపూర్వోత్తరాలకు అంత విలువిచ్చే చోటు, ఒక్క తప్పుమాటను అందరి ముందూ దిద్దుకునే చోటు చూసి వస్తున్నాననిపించింది. ఒక నది మీదుగా వంతెన దాటుతుంటే కింద నీళ్ళు చూశాను. కలంకారీ పని ఎరిగినవారికి తెలుసు, రంగు వేసిన ప్రతిసారీ బట్టను పారే నీటిలో ఉతకాలి, లేకపోతే ఆ రంగు నిలవదు. గీసేవాడు నీడన కూర్చుని గీస్తాడు. ఏట్లో నడుం వంచేది మరొకరు.

వెంకటాద్రి పేరు ఇక గోడమీద ఉంటుంది. ఇది చదివినవారు ఎప్పుడైనా ఒక పాత బట్టమీద వెలిసిపోని ఎరుపు చూస్తే, బుచ్చమ్మను ఒక్కసారి తలుచుకోండి.