పడవ పొట్ట కింద ఎర్ర తివాచీ

పదకొండేళ్లుగా నా ఛాతీ మీద ఒక పడవ కూర్చుని ఉంది. ఖాళీ పడవే. అయినా ఉదయగిరి కొండంత బరువు. నవ్వకండి. నేను దేన్నయినా పదింతలు చేసి చెప్పే మనిషినే గానీ, ఈ ఒక్కటీ తగ్గించే చెబుతున్నాను.

ఆత్మకూరులో నాది వెల్డింగ్ షెడ్డు. సోమశిలలో చేపలు పట్టే సుబ్బయ్య కొత్త ఫైబర్ పడవ కొని, దాన్ని మోయడానికి ట్రాలీ చేసిపెట్టమన్నాడు. వేసవిలో రిజర్వాయరు నీరు, కలలో ఎవరో పిలిచినట్టు, వెనక్కి వెనక్కి వెళ్లిపోతుంది కదా. పడవను దాని వెంట లాక్కెళ్లాలి. ఇనుప చట్రం నేను చేశాను. పడవ పొట్ట ఆనే రెండు పొడుగు చెక్కలు మాత్రం నా స్నేహితుడు మస్తాన్‌కు అప్పగించాను. ఉదయగిరిలో చెక్క గరిటెలు చేసేవాడు. గరిటెలు వదిలి పడవల పనిలోకి దిగాలని అతని ఆశ. ఇదే మొదటి పని.

వేప పలకలు తెచ్చాడు. వాసన చూశాడు, చెవి ఆనించి విన్నాడు, వాటితో ఉర్దూలో ఏదో మాట్లాడాడని కూడా నా అనుమానం. పైన పాత టైరు రబ్బరు పట్టీలు, నీరు కారిపోవడానికి మధ్యలో సందులు, లోపలికి దించిన ఇత్తడి స్క్రూలు. అవి చాలన్నాడు. చెక్కల్ని చట్రానికి బిగించే పని నాకు వదిలి బస్సెక్కాడు.

అంత తెల్లటి పడవకు నల్ల పట్టీలా? నాకు నచ్చలేదు. షామియానా వాళ్ల దగ్గర పాత ఎర్ర తివాచీ దొరికింది. వెయ్యి పెళ్లిళ్లు చూసిన తివాచీ. పట్టీలూ సందులూ కప్పేలా పరిచి, ఇనుప మేకులు కొట్టాను. పడవ దాని మీద మహారాణిలా పడుకుంది. దారిలో గొర్రెలు కూడా ఆగి దణ్ణం పెట్టాయని ఊరంతా చెప్పుకున్నాను.

తివాచీ నీళ్లు తాగింది. తాగినదాన్ని వదల్లేదు. చెక్క ఉబ్బి మెత్తబడింది, మేకులు తలలెత్తాయి. ఎక్కించినప్పుడల్లా, దించినప్పుడల్లా పడవ పొట్టను గీరాయి. ఒక ఉదయం నడి నీళ్లలో, మునిగిపోయిన తన పాత ఊరికి సరిగ్గా పైన, సుబ్బయ్య కాళ్ల కింద పడవ చీలింది. వలలు పోయాయి. ఈదుకుంటూ గట్టెక్కాడు. ఆ ఇళ్ల కప్పుల మీదుగా నెమ్మదిగా ఈదే సుబ్బయ్యను నేను చూడలేదు. కానీ ఇప్పటికీ చూస్తూనే ఉన్నాను.

నేరుగా షెడ్డుకు వచ్చాడు. అప్పుడు మస్తాన్ అక్కడే టీ తాగుతున్నాడు.

“ఈ గుడ్డ పరిచే తెలివి ఎవురిదన్నా?” అన్నాడు సుబ్బయ్య.

“నాకేం తెలుసురా, నేను ఇనపోణ్ణి. చెక్కల సంగతంతా మస్తానే చూసినాడు,” అన్నాను.

మస్తాన్ గ్లాసు కింద పెట్టాడు. నా వైపు చూడలేదు.

“నిజమేలే సుబ్బయ్యా. గరిటెలు చేసుకునేవోడికి పడవలెందుకురా అని మా నాయన అప్పుడే అన్నాడు.”

నవ్వాడు. నేనూ నవ్వాను.

ఎందుకు నోరు తెరవలేదు? భయమా? నా అబద్ధాన్ని అతను అంత తేలిగ్గా ఎత్తుకున్నాడు గనుక అది నిజంగా తేలికైనదేనని నమ్మాలనుకున్నానా? ఆ తర్వాత సోమశిల నుంచి ఎవరూ అతన్ని పిలవలేదు. అతను నన్ను ఒక్క మాటా అడగలేదు. ఉదయగిరి వెళ్లినప్పుడల్లా గరిటెలు కొంటాను. ఇంట్లో ఉండేది ముగ్గురం, గరిటెలు ఊరి భోజనాలకు సరిపోతాయి. “ఏందయ్యా నీకీ గరిటెల పిచ్చి?” అంటుంది మా ఆవిడ. ఏదో చెప్పి నవ్విస్తాను.

ఇప్పుడు మస్తాన్ చేతుల్లో ఉలి నిలవడం లేదు. నేను ఏం చెప్పినా అతను చెయ్యని పడవలు నీళ్లలోకి దిగవు. తెలుసు.

తివాచీ పరిచింది నేను. మేకులు కొట్టింది నేను. ఈ రెండు ముక్కలు రాయడానికి ఇన్నేళ్లు పట్టింది.