గురువు మరచిపోయిన శిష్యుడు

బస్సులు బొగ్గుతో నడిచిన కాలంలో మాకు తొందర అనే మాటకు అర్థం తెలియదు. ఎక్కడం మన పని, చేర్చడం దాని దయ. (దయ కలగని రోజు దిగి తోసేవాళ్లం.) అలాంటి బస్సులో, మీసాలు సరిగా మొలవని వయసులో, ఉదయగిరి నుంచి ఆత్మకూరుకు బడిపంతులు ఉద్యోగంలో చేరడానికి బయలుదేరాను. మధ్యాహ్నం బడిగంట కొట్టేలోగా హాజరు కాకపోతే ఆ ఉద్యోగం ఇంకొకడికి పోతుంది. "ఉత్త చేతుల్తో తిరిగొచ్చినావో, ఎద్దుల కాడికే!" అని మా నాయన దీవించి మరీ పంపించాడు.

నా ముందు సీట్లో ఒక అవ్వ, ఒళ్లో చెక్కగరిటెల మూటతో కూతురి పురిటికి పోతోంది. పక్కన ఎవరి పిల్లో ఏడుస్తుంటే ఊరుకోబెట్టడానికి కథ ఎత్తుకుంది. ఒక మాంత్రికుడు తన శిష్యుణ్ణి గుహ వాకిట నిలబెట్టి, చేతికి దీపమిచ్చి, "నేనొచ్చిందాకా ఆరనీబాకు" అని సముద్రాల అవతలికి పోయాడట. నూనె అయిపోతే శిష్యుడు తన నెత్తురు పోసి వెలిగించాడట. పిల్ల ఎప్పుడో నిద్రపోయింది, బస్సు మాత్రం మేలుకొంది. కండక్టరు టిక్కెట్లు కోయడం మరిచాడు. వక్కాకు నములుతున్న శెట్టిగారు తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయాడు.

"ఆ దేశంలో గురువుకేమో రాజు మేడ ఇచ్చినాడు, పల్లకీ ఇచ్చినాడు. ఆ సుఖంలో శిష్యుణ్ణి మరిచేపోయినాడు. పన్నెండేళ్లకు గుర్తొచ్చి పరిగెత్తుకొస్తే ఏముండాది? పిల్లోడు రాయైపోయినాడు. చేతిలో దీపం మటుకు ఎలగతానే ఉండాది."

కీచుమని బస్సు ఆగింది. డ్రైవరు సాయిబు (చూస్తేనే పిల్లలు జడుసుకునే మనిషి) వెనక్కి తిరిగాడు. "మరిచిపోయినాడా! వాడేం గురువు? అవ్వా, ఆ పిల్లోణ్ణి బతికించు. అప్పుడే బండి తీసేది."

"మా అవ్వ బతికించలా సాయిబూ. నేనెట్ట బతికిస్తా?"

సగం బస్సు సాయిబు పక్షం, సగం అవ్వ పక్షం. ఎండ నడినెత్తికి వస్తోంది. నా కళ్లకు ఎద్దులు కనబడసాగాయి. లేచి దండం పెట్టాను. "అవ్వా, నీకు పుణ్యముంటాది, ఏదో ఒక మంత్రమేసి లేపు. నా ఉద్యోగం పోతాది!"

ఆవిడ జాలిగానే చూసింది. "నీ ఉద్యోగం కోసరం పోయిన మా అవ్వ చేత అబద్ధమాడించమంటావా అబ్బయా? నన్ను నమ్మి అప్పజెప్పి పోయింది, ఈ కథ."

గరిటెల మూట మీద చేతులు పెట్టుకొని కూర్చున్న ఆ ముసలమ్మకు మళ్లీ దండం పెట్టి కూర్చున్నాను.

కాసేపటికి సాయిబే గొంతు తగ్గించి అడిగాడు. "మరి ఆ గురువేం చేసినాడవ్వా?"

"ఏం చేస్తాడు? పిల్లోడి కాళ్ల కాడ కూలబడి ఆ దీపానికి నూనె పోస్తా ఉండాడు. ఇప్పటికీ పోస్తానే ఉండాడు."

సాయిబు తువ్వాలుతో కళ్లొత్తుకొని బండి తీశాడు. నేను బడికి చేరేసరికి ఆ ఇంకొకడు నా కుర్చీలో కూర్చొని ఎక్కాలు చెబుతున్నాడు.

ఇంటికొచ్చి, తిట్లకు సిద్ధపడి, జరిగింది జరిగినట్టు నాయనకు చెప్పాను. "అంతమంది అడిగినా మార్చలేదా ఆమె?" అన్నాడాయన. లేదన్నాను. "పో, కూడు తిను" అన్నాడు. (మర్నాడు ఎద్దుల కాడికి పంపాడనుకోండి.)

మరుసటేడు కలిగిరిలో ఉద్యోగం దొరికింది. నేను పేరైనా అడగని ఆ అవ్వ కథను ఎన్ని తరగతులకు చెప్పానో! ఇప్పుడు మా మనవరాలి వంతు. "బతికించు తాతా" అని ఏడ్చి, అలిగి, అన్నం మానేసి గోడవైపు తిరిగి పడుకుంటుంది. ఒక్క మాట అంటే చాలు, లేచి నవ్వుతుంది. ఆ మాట అనాలని నాకూ ఎంత ఆశో! అనలేక, దాని వీపు నిమురుతూ కూర్చుంటాను.